మార్చి 31 సాయంత్రం చెరువులో రొయ్య ఎంత ఉంది? ఇండ్ ఏఎస్‌కు మారిన ఒక ఆక్వా కంపెనీ కేసు

నేపథ్యం

గోదావరి డెల్టాలో రొయ్యల చెరువులు నడిపే ఒక కుటుంబ కంపెనీ కథ ఇది. ఊరూ పేరూ చెప్పను. అంకెలు మార్చాను, వాటి మధ్య నిష్పత్తులు మాత్రం చెడనివ్వలేదు. భీమవరం నుంచి అమలాపురం దాకా ఇలాంటి కంపెనీలు చాలానే ఉన్నాయి కాబట్టి ఇది ఎవరిదో కనిపెట్టాలని చూస్తే శ్రమే మిగులుతుంది.

నేను వాళ్ళ స్టాట్యుటరీ ఆడిటర్‌ని కాదు, సలహాకు పిలిచిన సీఏని. మా వైపు సీఏ అయితే చాలు, అందరికీ ఆడిటరు గారే. ఈ కేసంతా నన్ను అలాగే పిలిచారు. అసలు ఆడిటర్ గదిలో ఉన్నప్పుడు మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉండేది.

కంపెనీకి 92 చెరువులు. కొన్ని సొంతం, ఎక్కువ లీజువి. సాగు వనామీ రకం రొయ్య. మొదటి పంటకు జనవరి నుంచి మార్చి లోపు సీడ్, అంటే రొయ్య పిల్లలను, వేస్తారు, ఏప్రిల్ నుంచి జూన్ లోపు పట్టుబడి చేస్తారు. అంటే లెక్కల సంవత్సరం ముగిసే మార్చి 31న చెరువుల నిండా సగం పెరిగిన రొయ్య ఉంటుంది. పాత పద్ధతిలో దీనితో ఇబ్బంది లేదు. సీడ్, మేత, కరెంటు, మందులు, కూలీ అన్నీ కలిపి 'నిలవ పంట' అని ఖర్చు మీద చూపించేవారు. ఏటా అదే వరస.

2019 మే నెలలో ఈ కుటుంబం 26 శాతం వాటాను ఒక లిస్టెడ్ కంపెనీకి అమ్మింది. డబ్బు వచ్చింది, స్వీట్లు పంచారు. జూన్‌లో ఆ లిస్టెడ్ కంపెనీ ఫైనాన్స్ విభాగం నుంచి ఒక మెయిల్ వచ్చింది: '2019-20 నుంచి మీ లెక్కలు ఇండ్ ఏఎస్ ప్రకారం ఉండాలి.' ఇండ్ ఏఎస్ అంటే పెద్ద కంపెనీల లెక్కలకు కేంద్రం తెచ్చిన అకౌంటింగ్ ప్రమాణాలు. ఆ మెయిల్ ప్రింటు పట్టుకుని కుటుంబ పెద్దాయన నా ఆఫీసుకు వచ్చారు.

వచ్చిన చిక్కు

"ఏవండీ ఆడిటరు గారూ, 26 శాతం అమ్మితే లెక్కల పుస్తకం మొత్తం మార్చాలా? ఇదేం చోద్యం?" ఇదీ ఆయన మొదటి మాట.

ఆయన కోపంలో అర్థం లేకపోలేదు. ఇండ్ ఏఎస్ రూల్స్ 2015 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు అందరం నెట్‌వర్త్ లెక్కే గుర్తుపెట్టుకున్నాం. 500 కోట్లు దాటినవాళ్ళకు 2016 ఏప్రిల్ నుంచి, 250 కోట్లు దాటినవాళ్ళకూ మిగతా లిస్టెడ్ కంపెనీలకూ 2017 ఏప్రిల్ నుంచి. ఈ కంపెనీ 250 కోట్లకు చాలా దూరంలో ఉంది. కానీ అదే రూల్‌లో ఇంకో ముక్క ఉంది. ఇండ్ ఏఎస్ వర్తించే కంపెనీకి హోల్డింగ్, సబ్సిడియరీ, జాయింట్ వెంచర్ లేదా అసోసియేట్ అయితే, నెట్‌వర్త్ ఎంతైనా సరే, వర్తిస్తుంది. కంపెనీల చట్టం ప్రకారం ఓటింగ్ శక్తిలో 20 శాతం చేతిలో ఉంటే అసోసియేట్ కిందికే వస్తుంది. వాటా అమ్మిన ఒప్పందం 140 పేజీలుంది, అందులో ఈ సంగతి గురించి ఒక్క వాక్యం లేదు. రాసిన లాయర్లకు తట్టలేదు, చదివిన మాకూ తట్టలేదు.

2019-20 మొదటి ఇండ్ ఏఎస్ సంవత్సరం అయితే పోలికకు 2018-19 కూడా కొత్త పద్ధతిలో కావాలి. అంటే మారే తేదీ 2018 ఏప్రిల్ 1. అప్పటికే పదిహేను నెలలు గడిచిపోయిన ఒక రోజున చెరువుల్లో ఎంత రొయ్య ఉందో, దాని విలువ ఎంతో చెప్పాలి.

ఎందుకంటే పెంచే పంటలు, జీవుల లెక్కకు ఉన్న స్టాండర్డ్ ఇండ్ ఏఎస్ 41 చెప్పేది అదే. పెరుగుతున్న జీవి మీద ఖర్చెంత పెట్టావని కాదు, ఈరోజు దాని ఫెయిర్ వాల్యూ, అంటే మార్కెట్‌లో పలికే విలువ, ఎంత, అందులోంచి అమ్మకపు ఖర్చులు తీస్తే ఎంత మిగులుతుంది అని అడుగుతుంది. తేడా అంతా ఆ ఏటి లాభనష్టాల్లోకే పోతుంది. పట్టుబడి నాడు చెరువులోంచి బయటికి వచ్చిన రొయ్యకు కూడా అదే కొలత. ఆ విలువే తర్వాత సరుకు నిల్వకు ఖర్చు అవుతుంది.

మొదటి ప్రయత్నం: పాత ఖర్చు దగ్గరే ఉండిపోదాం

కంపెనీ అకౌంట్స్ మేనేజర్ తెలివైనవాడు. స్టాండర్డ్ మొత్తం చదివి 30వ పేరా పట్టుకొచ్చాడు. ఫెయిర్ వాల్యూ నమ్మకంగా కొలవలేకపోతే ఖర్చు మీదే ఉంచుకోవచ్చని అందులో ఉంది. "చెరువులో నీళ్ళ కింద ఉన్నదాన్ని ఎవడు కొలుస్తాడండీ?" అన్నాడు.

నాకూ ఆ దారి ఇష్టమే. పని తగ్గుతుంది. కానీ ఆ పేరా తెరిచింది చాలా చిన్న కిటికీ. మార్కెట్ ధర దొరకకూడదు, వేరే ఏ పద్ధతిలో కొలిచినా అది స్పష్టంగా నమ్మలేనిదై ఉండాలి. రెండూ కలిసి ఉంటేనే. పైగా ఆ మాట మొదటిసారి లెక్కలోకి తీసుకునేటప్పుడే చెప్పాలి. ఇప్పుడు మా వైపు సంగతి చూడండి. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. పొద్దున్నే టీ తాగేలోపు 100 కౌంట్ ఎంత, 60 ఎంత, 30 ఎంత అని ప్రతి రైతు ఫోన్‌లోకీ ధరల మెసేజ్ వచ్చేస్తుంది. అలాంటి చోట కూర్చుని మార్కెట్ ధర దొరకడం లేదని రాస్తే ఆడిటర్ నవ్వుతాడు. ఇక కొలవలేమన్న వాదన. వారంవారం సాంప్లింగ్ చేసి, అంటే వల విసిరి సగటు బరువు చూసి, దాన్నిబట్టే రేపటి మేత నిర్ణయించే కంపెనీ అది. లక్షల రూపాయల మేతను ఏ అంచనా నమ్మి చెరువులో పోస్తున్నారో, అదే అంచనా బ్యాలెన్స్ షీట్‌కు పనికిరాదంటే ఎలా?

ఈ వాదనను ఆడిటర్ దాకా వెళ్ళనివ్వలేదు. నేనే ఆపేశాను. మేనేజర్ వారం రోజులు ముభావంగా ఉన్నాడు.

రెండో ప్రయత్నం: సిటీ ఎక్సెల్

పెట్టుబడి పెట్టిన కంపెనీ తరఫున ఒక కన్సల్టింగ్ బృందం హైదరాబాద్ నుంచి వచ్చింది. మూడు రోజులుండి మంచి ఎక్సెల్ ఒకటి తయారుచేసింది. ప్రతి చెరువుకూ వేసిన సీడ్ ఇంత, బతికేది 85 శాతం, పట్టుబడి 30 కౌంట్‌కు, ఆనాటి ధర ఇంత, అక్కడిదాకా ఖర్చు ఇంత, రాబోయే డబ్బును ఈనాటి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు ఇంత.

ఫార్ములాల్లో తప్పు లేదు. కానీ 92 చెరువుల్లోనూ 85 శాతం బతకడం మా డెల్టాలో ఎవరూ చూడలేదు. ఒక చెరువులో ఈహెచ్‌పీ జబ్బు వచ్చి రొయ్య ఎదగదు, ఇంకోదానిలో వైట్ గట్, పక్కదానిలో రోజుకు నాలుగైదు కిలోలు చస్తూనే ఉంటాయి. కన్సల్టెంట్ కుర్రాడిని చెరువుల సూపర్‌వైజర్ దగ్గర కూర్చోబెట్టాను. సూపర్‌వైజర్ షీటు చూసి చాలా మర్యాదగా, "ఆయ్, బాగుందండి. ఈ చెరువు పోయిన మంగళవారమే ఖాళీ చేసేశామండి" అన్నాడు. ఆ షీటులో ఆ చెరువు విలువ 19 లక్షలు.

పెద్ద లోపం ఇంకొకటి ఉంది. మార్చి 31న 12 గ్రాములున్న రొయ్యను 33 గ్రాములయ్యేదాకా ఊహలో పెంచి వెనక్కి తెచ్చారు. అంత దూరం పోయినకొద్దీ చావు, ధర, మేత ఖర్చు అన్నీ ఊహలే అవుతాయి. 80 కౌంట్ రొయ్యకు ఈరోజే ధర ఉన్నప్పుడు రెండు నెలల తర్వాతి ధర దగ్గరికి పోవాల్సిన పనేముంది?

గట్టు మీది పుస్తకం, నా తప్పు

అప్పుడు నాకు అర్థమైంది. ధర ఎప్పుడూ సమస్య కాదు, బరువే సమస్య. మార్చి 31న ఏ చెరువులో ఎన్ని కిలోలు ఉన్నాయన్నది తేలితే మిగతాది గుణకారం. ఆ సంఖ్య పుట్టేది అకౌంట్స్ గదిలో కాదు, చెరువు గట్టు మీద.

ఇక్కడ తప్పు చేసింది నేనే. 22 గడులున్న ఒక ఫారం తయారుచేశాను. నీటి ఉప్పు శాతం, పీహెచ్, ఆక్సిజన్, ఏరియేటర్ గంటలు, పూటపూటా మేత... చూడటానికి ముచ్చటగా ఉంది. నెల తర్వాత వెళ్ళి చూస్తే అన్ని పేజీలూ నిండాయి, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే రాతలో. నెలంతటిదీ ఒక్క సాయంత్రం కూర్చుని నింపేశారు. వాళ్ళను ఏమీ అనలేకపోయాను. తెల్లవారుజామున నాలుగింటి నుంచి గట్టు మీద ఉండే మనిషికి నేను 22 గడులు ఇచ్చాను.

మరి వాళ్ళు రోజూ నిజంగా ఏం రాస్తున్నారో చూద్దామని సూపర్‌వైజర్ ఫోన్ అడిగాను. ప్రతి సాయంత్రం పెద్దాయన కొడుక్కి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పోతోంది: చెరువు నంబరు, ఈరోజు మేత, చెక్ ట్రేలో (రొయ్య ఎంత తింటోందో చూడటానికి మేత వేసి నీళ్ళలో దించే పళ్ళెం) మిగిలిందా లేదా, చచ్చినవి కనిపించాయా. వారానికోసారి సగటు బరువు. రెండేళ్ళ మెసేజ్‌లు ఆ ఫోన్‌లో ఉన్నాయి. మాకు కావలసింది అదే. ఫారం చింపేసి, ఆ నాలుగు విషయాలనే ప్రతి చెరువుకూ ఒక నోటుపుస్తకంలో రాయమన్నాను. మెసేజ్ పంపడం మాత్రం ఆపొద్దన్నాను. పుస్తకాన్ని తర్వాత దిద్దొచ్చు, పంపిన మెసేజ్‌ను దిద్దలేరు. ఆడిటర్ చివరికి పుస్తకం కన్నా మెసేజ్‌లనే ఎక్కువ నమ్మాడు.

బరువు తేల్చడం

బరువును రెండు దారుల్లో లెక్కవేశాం. ఒకటి విసురువల: నాలుగైదు చోట్ల వేసి, పడిన వాటిని బట్టి చెరువు మొత్తానికి లెక్క కట్టడం. రెండోది మేత: ఆ సైజు రొయ్య రోజుకు తన బరువులో ఎంత శాతం తింటుందో మేత పట్టికలో ఉంటుంది, తిన్న మేతను దానితో భాగిస్తే చెరువులోని మొత్తం బరువు వస్తుంది.

ఒక చెరువు చెబుతాను. వేసిన సీడ్ 4 లక్షలు. 72వ రోజున సగటు బరువు 12.5 గ్రాములు, అంటే 80 కౌంట్. రోజు మేత 110 కిలోలు, ట్రేలు శుభ్రంగా ఖాళీ. పట్టిక ప్రకారం 3 శాతం అనుకుంటే 3,667 కిలోలు, అంటే దాదాపు 2.93 లక్షల రొయ్యలు. వల లెక్కలో 4,300 కిలోలు వచ్చింది, అంటే 3.44 లక్షలు. ఏది నిజం?

అంతకు ముందరి పంటల మెసేజ్‌లు, పట్టుబడి స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూశాం. వల లెక్క దాదాపు ప్రతిసారీ ఎక్కువ చూపింది. ఎందుకో సూపర్‌వైజర్‌కు ముందే తెలుసు. "మేత చల్లే వైపు వల వేత్తే ఎక్కువే పడతాయి కదండీ." మేత లెక్క దగ్గరగా వచ్చింది, ఒక్క షరతు మీద: ట్రేలో మేత మిగలకూడదు. మిగిలిందంటే పోసినదంతా తినలేదు, అప్పుడు లెక్క ఎక్కువ చూపిస్తుంది. అందుకని మేత లెక్కనే ప్రధానంగా తీసుకుని, ట్రేలో మిగిలిన రోజులను వదిలేసి, వల నుంచి సగటు బరువును మాత్రమే వాడుకున్నాం.

2018 ఏప్రిల్ 1 బరువును కూడా ఇలాగే కట్టాం. మేత స్టోర్ నుంచి ఏ చెరువుకు ఎన్ని బస్తాలు వెళ్ళాయో తెలిపే పుస్తకం ఉంది, ఆ వారపు అమ్మకపు స్లిప్పుల్లో ధర ఉంది. మొదటిసారి ఇండ్ ఏఎస్‌కు మారేవాళ్ళ స్టాండర్డ్ ఇండ్ ఏఎస్ 101 ఇక్కడ ఒక గీత గీసింది. మారే తేదీ నాటి పరిస్థితినే చూడాలి, తర్వాత తెలిసినదాన్ని తెచ్చి కలపకూడదు. 2018 మే నెలలో ధర ఎటు పోయిందో మాకు తెలుసు, కానీ వాడలేదు.

తర్వాత చెరువులను వయసును బట్టి మూడు గుంపులు చేశాం. 30 రోజుల లోపువి ఖర్చు మీదే. పిల్ల ఇంకా పెద్దగా ఎదగలేదు కాబట్టి ఖర్చే ఫెయిర్ వాల్యూకు దగ్గరగా ఉంటుందని స్టాండర్డ్ 24వ పేరా ఒప్పుకుంటుంది. ఇది 30వ పేరా మినహాయింపు కాదు. అక్కడా కొలిచేది ఫెయిర్ వాల్యూనే, ఖర్చు దానికి గుర్తు మాత్రమే. 100 కౌంట్ దాటినవి, అంటే 10 గ్రాములకు పైగా ఎదిగినవి, బరువు ఇంటూ ఆ కౌంట్ ధర, అందులోంచి కమీషన్ తీసి.

మధ్య గుంపే ఎక్కువ తలనొప్పి. 3 గ్రాముల నుంచి 9 గ్రాముల దాకా ఉన్న రొయ్యను ఎవరూ కొనరు. అక్కడ పెద్దాయన మాట పనికొచ్చింది. డబ్బు కష్టంలో ఉన్న రైతు నడుస్తున్న పంటను ఇంకొకరికి అప్పగించడం ఊళ్ళలో జరుగుతూనే ఉంటుంది. తీసుకునేవాడు 30 కౌంట్ కల కనడు. "వంద కౌంటుకు ఎత్తితే ఎంత వస్తుంది, అక్కడిదాకా ఎంత పెట్టాలి, చచ్చేది ఎంత, నాకు మిగిలేది ఎంత, ఇదే లెక్క" అన్నారు. మార్కెట్‌లో కొనేవాడు ఎలా ఆలోచిస్తాడో అలా కొలవమని ఇండ్ ఏఎస్ 113 చెబుతుంది. ఆయన ఆ స్టాండర్డ్ చదవలేదు, కానీ చెప్పింది అదే. మధ్య గుంపుకు అమ్మదగ్గ మొదటి సైజు వరకే లెక్క కట్టాం.

ఆడిటర్‌తో ఒక చోట మేము ఓడిపోయాం. ఫెయిర్ వాల్యూ మార్కెట్‌లో కనిపించే అంకెల మీద ఆధారపడితే లెవెల్ 2, కంపెనీ సొంత అంచనాల మీద ఆధారపడితే లెవెల్ 3. 100 కౌంట్ దాటిన చెరువులను లెవెల్ 2 అని చూపించాం, ధర మార్కెట్‌లోదే కదా అని. ధర మార్కెట్‌దే, బరువు మాత్రం మీ అంచనా, కాబట్టి మొత్తం లెవెల్ 3 అన్నాడు ఆయన. ఆయనదే కరెక్టు. దాంతో బతికే శాతం 5 పాయింట్లు మారితే విలువ ఎంత మారుతుందో నోట్‌లో రాయాల్సి వచ్చింది. రాశాక పెద్దాయన చదివింది ఆ ఒక్క నోటే.

గట్టు మీద కొబ్బరి చెట్లు కూడా ఉన్నాయి. సిటీ నుంచి వచ్చిన ఆడిట్ జూనియర్ వాటి గురించి రాసి మరీ అడిగాడు. చెట్టు ఏళ్ళ తరబడి కాసేది కాబట్టి స్థిరాస్తుల స్టాండర్డ్ ఇండ్ ఏఎస్ 16లోకి, చెట్టు మీది కాయ 41లోకి. విలువ చూస్తే పండగకు పంచే కొబ్బరి బొండాలంత. వదిలేశాం.

2020 మార్చి

పద్ధతి కుదిరింది అనుకునేలోపు లాక్‌డౌన్ వచ్చింది. మార్చి 25 నుంచి ఐస్ లేదు, లారీ లేదు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో మనుషులు లేరు. కొనేవాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. ఆ రోజు చెరువుల్లో పంట ఉన్నవి 61: చిన్నవి 14, మధ్యవి 22, పెద్దవి 25.

మార్చి 31 ధర ఏది? పెద్దాయన కొడుకు మే నెల ధర వేద్దామన్నాడు, అప్పటికి కాస్త కోలుకుంది. కుదరదు. సంవత్సరం ముగిశాక మారిన ధర ఆ సంవత్సరం లెక్కను సరిదిద్దదు. ఇంకొకరు ప్రభుత్వం ఆ రోజుల్లో కౌంట్ల వారీగా ప్రకటించిన ధర వేద్దామన్నారు. కాగితం మీద అది భద్రంగా కనిపిస్తుంది. కానీ ప్రకటించిన ధరకు నిజంగా సరుకు కొన్నవాడు కనిపిస్తేనే అది మార్కెట్ ధర. మేం అడిగిన చోటల్లా అంతకన్నా తక్కువకే తూకాలు పడ్డాయి. ఇంకో వాదన, ఆ వారం అమ్మకాలన్నీ గత్యంతరం లేక అమ్మినవి, వాటిని లెక్కలోకి తీసుకోకూడదని. ఇందులో కొంత నిజముంది కాబట్టి స్లిప్పులు ఒక్కొక్కటీ చూశాం. జబ్బు పడి ఆదరాబాదరాగా ఎత్తేసిన చెరువుల స్లిప్పులు పక్కన పెట్టాం. ఆరోగ్యంగా ఉన్న రొయ్యను ఇద్దరు ముగ్గురిని అడిగి బేరమాడి అమ్మినవి ఉంచాం. తొమ్మిది మిగిలాయి. నెల మొదటితో పోలిస్తే 80 కౌంట్ ధర దాదాపు నాలుగో వంతు తక్కువ. ధర పడిపోవడం వేరు, బలవంతపు అమ్మకం వేరు. తొమ్మిది స్లిప్పుల ధరే వేశాం.

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. లెక్కలు సంతకం అయ్యేసరికి ఆ 61 చెరువుల పట్టుబడి అంతా అయిపోయింది. నిజమైన తూకాలు చేతిలో ఉన్నాయి. వాటిని వాడొచ్చా?

ధరకు వాడకూడదు. బరువుకు వాడొచ్చు, వాడాలి కూడా. ఏప్రిల్‌లో తూకం వేసిన రొయ్య మార్చి 31న చెరువులో ఉన్న రొయ్యే, అది ఆ రోజు పరిస్థితికి సాక్ష్యం. పైన చెప్పిన చెరువును ఏప్రిల్ 18న 60 కౌంట్‌కు పట్టారు, 4,800 కిలోలు వచ్చింది, అంటే 2.88 లక్షల రొయ్యలు. మధ్యలో చచ్చినవి పుస్తకంలో పెద్దగా లేవు. మేత లెక్క చెప్పిన 2.93 లక్షలకు దగ్గరే. వల లెక్క వేసుంటే 50 వేలకు పైగా లేని రొయ్యలను లాభంలో చూపించేవాళ్ళం.

ఇబ్బందల్లా మార్చి 31 తర్వాత పోయిన చెరువులతో. రెండింటికి వైట్ స్పాట్ వచ్చింది. మొదటిదానికి ఏప్రిల్ 6న ల్యాబ్ రిపోర్టు వచ్చింది, రెండోది 11న పడిపోయింది. రెండింటినీ మార్చిలోనే రాసేయమని పెద్దాయన పట్టుబట్టారు. "ఎలాగూ చెడ్డ ఏడాదే కదండీ, పోయేదంతా ఇందులోనే పోనీయండి." ఆ మాట చాలామంది యజమానుల దగ్గర విన్నాను. వచ్చే ఏడు లాభం బాగా కనపడాలన్న ఆశ దాని వెనక ఉంటుంది.

మెసేజ్‌లు తీశాం. మొదటి చెరువులో మార్చి 29, 30, 31 మూడు రోజులూ ట్రేలో మేత మిగిలింది. 30న చచ్చినవి రెండు అని రాసుంది. జబ్బు మార్చి 31కే చెరువులో ఉంది, రిపోర్టు ఆలస్యంగా వచ్చిందంతే. దాన్ని మార్చిలోనే తగ్గించాం. రెండోదానిలో ఏప్రిల్ 7 దాకా ట్రేలు ఖాళీ, ఒక్కటీ చావలేదు. మార్చి 31న ఆ చెరువును చూసి ఏ కొనుగోలుదారుడూ ధర తగ్గించేవాడు కాదు. ఆ నష్టం తర్వాతి ఏడాదిదే. ఆడిటర్ ఈ రెండు చెరువుల మీద గంటన్నర కూర్చున్నాడు, చివరికి మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు ఫైల్లో పెట్టుకుని ఒప్పుకున్నాడు.

లీజులు

లీజు కాగితాలు 118. కొన్ని చెరువుల కింద ముగ్గురు నలుగురు రైతుల చెక్కలు ఉంటాయి. చాలావాటికి 11 నెలల అగ్రిమెంటే. పన్నెండు నెలల లోపు లీజులకు ఇండ్ ఏఎస్ 116 మినహాయింపు ఇస్తుంది కాబట్టి అన్నీ అందులో వేసేద్దామని మొదట అనుకున్నాం.

కానీ ఆ పొలాల్లో కొన్నిచోట్ల కంపెనీ చెరువు లోతు చేయించింది, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించింది. 11 నెలల కోసం ఎవరు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిస్తారు? అడిగితే బీరువాలోంచి రెండో కాగితం వచ్చింది, తెల్లకాగితం మీద రాసుకున్నది. ఇన్నేళ్ళ వరకు చెరువు అడగను, అడిగితే తవ్వకం ఖర్చు తిరిగిస్తాను అని రైతు సంతకం. రైతు చెరువు వెనక్కి తీసుకుంటే గట్టి దెబ్బే తగులుతుందన్నమాట. ఆ ఖర్చు తిరిగిచ్చే మాట వరకు అది నిలుస్తుందని లాయర్ అభిప్రాయం తీసుకున్నాం. చివరికి 64 కాగితాలు నిజంగా 11 నెలలవే, 21 రిజిస్టరైన మూడు నుంచి ఐదేళ్ళవి, 33 రెండో కాగితం ఉన్నవి. చివరి రెండు రకాలూ కలిపి 54 బ్యాలెన్స్ షీట్‌లోకి వచ్చాయి.

ఇక్కడ మా ఆఫీసులోనే ఒక పొరపాటు జరిగింది. 2019 ఏప్రిల్ నుంచి, అప్పటికే ఇండ్ ఏఎస్‌లో ఉన్న కంపెనీలు 116కు మారేటప్పుడు వాడిన వెసులుబాటును, అంటే పోలిక సంవత్సరాన్ని ముట్టుకోకుండా వదిలేసే పద్ధతిని, మా దగ్గర సీఏ శిక్షణలో ఉన్న ఆర్టికల్ కుర్రాడు ఇక్కడ వాడేశాడు. మొదటిసారి ఇండ్ ఏఎస్‌లోకి వచ్చేవాళ్ళకు అది లేదు. వాళ్ళ దారి 101 చెబుతుంది: 2018 ఏప్రిల్ 1 నుంచే, ఆనాటి అప్పు వడ్డీ రేటుతో లెక్క కట్టాలి. రెండేళ్ళూ తిరగరాశాం. ఏడాది లీజు ముందే కట్టేయడం మా వైపు అలవాటు కాబట్టి కట్టేసిన దాన్ని అప్పులో కాక ఆస్తిలో కలపడం కూడా అప్పుడే సరిచేశాం.

డివిడెండ్, బ్యాంకు, పన్ను

2018-19 కొత్త లెక్కలో లాభం పెరిగింది. కుటుంబంలో వాటాదారైన బావగారు వెంటనే డివిడెండ్ ఎంత అని అడిగారు. కంపెనీల చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఫెయిర్ వాల్యూ వల్ల వచ్చిన మార్పును డివిడెండ్ లెక్కలోంచి తీసేయాలి. చెరువులో ఉన్న లాభాన్ని పంచలేరు. ఆయనకు ఇది ఇప్పటికీ నచ్చలేదు.

భూములను ఫెయిర్ వాల్యూకు పెంచుకునే అవకాశం 101లో ఉంది, డెల్టాలో భూమి రేటు తెలిసినవాళ్ళకు టెంప్టేషన్ కూడా. పాత పుస్తకం విలువే ఉంచమన్నాను. పెంచిన ప్రతి రూపాయికీ డిఫర్డ్ టాక్స్, అంటే ముందుముందు కట్టాల్సిన పన్ను బాకీ, తగులుకుంటుంది, నగదు ఒక్క రూపాయి రాదు. పన్ను విషయంలో 2019లో వచ్చిన 22 శాతం కంపెనీ పన్ను పద్ధతిని ఎంచుకున్నారు. అందులో మ్యాట్, అంటే పుస్తకాల్లోని లాభం మీద కట్టే కనీస పన్ను, లేదు కాబట్టి ఇండ్ ఏఎస్‌కు మారడం వల్ల వచ్చిన మార్పు మొత్తాన్ని ఐదేళ్ళకు పంచే లెక్క తప్పింది.

బ్యాంకు దగ్గరికి మాత్రం లెక్కలు ఖరారు కాకముందే వెళ్ళాం. లీజులు అప్పుగా కనపడగానే కంప్యూటర్ రేటింగ్ తగ్గిస్తుంది, ఆ తర్వాత ఎంత చెప్పినా వివరణ సంజాయిషీలా ఉంటుంది. పాత లెక్క నుంచి కొత్త లెక్కకు ఒక పేజీ పట్టిక ఇచ్చాం. మేనేజర్ ఒక్కటే అడిగారు: "చేతిలోకి వచ్చే డబ్బు ఏమైనా మారిందా?" లేదన్నాం. అప్పు లిమిట్ అలాగే ఉంది.

మళ్ళీ చేయాల్సి వస్తే

వాటా అమ్మే ఒప్పందం రాసే రోజే ఇండ్ ఏఎస్ గురించి అడుగుతాను, ఖర్చు ఎవరు భరించాలో కూడా రాయిస్తాను. ఇక్కడ మొత్తం కుటుంబం మీదే పడింది. మొదటి రోజే ఫారం తయారుచేయను. వారం గట్టు మీద తిరిగి వాళ్ళు ఇప్పటికే ఏం రాస్తున్నారో చూస్తాను. మధ్య గుంపు పద్ధతి మీద నాకు ఇంకా పూర్తి తృప్తి లేదు. చచ్చే శాతం మా సొంత చెరువుల అనుభవం నుంచే తీసుకున్నాం, ఇంకొకరి చెరువులో అదే పనిచేస్తుందని చెప్పలేను. మరో కంపెనీ ఈ కేసు చూసి 3 శాతం, 30 రోజులు అని అంకెలు ఎత్తుకుపోతే నేను ఒప్పుకోను. వాళ్ళ పాత స్లిప్పులతో వాళ్ళు సరిచూసుకోవాలి.

2023లో ఆ లిస్టెడ్ కంపెనీ తన 26 శాతాన్ని కుటుంబానికే తిరిగి అమ్మేసింది. సంతకాలైన రోజు సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశారు. "ఇంక మనం పాత లెక్కకు వెళ్ళిపోవచ్చు కదండీ ఆడిటరు గారూ?" ఒకసారి ఇండ్ ఏఎస్ మొదలుపెడితే, ఆ తర్వాత ఏ షరతూ వర్తించకపోయినా అందులోనే ఉండాలని రూల్‌లోనే ఉందని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత ఫోన్ పక్కకు పెట్టి ఎవరినో కేకేశారు, నాకు వినపడింది: "ఒరేయ్, రేపు సాంప్లింగ్ ఎన్నింటికిరా?"